ముందు ఆ ఇంటికి తెలియనివ్వండి

విజయవాడ, గుంటూరు స్థానిక వార్తల గ్రూపులు, పేజీలు నడుపుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు,

నమస్కారం.

మీలో ఎక్కువమంది నాకు ముఖపరిచయం లేనివారు. మీ గ్రూపుల్లో నాలుగింటిలో నేను సభ్యుణ్ణి. కరెంటు ఎప్పుడు వస్తుందో, బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఎటు మళ్ళించారో, ఎవరికి ఏ గ్రూపు రక్తం కావాలో మీ వల్లే తెలుసుకుంటున్నాను. ప్రమాదాల్లో పడ్డవాళ్ళ ఫోటోలతో మీ గ్రూపుల్లో వచ్చే సంతాపం పోస్టుల గురించి ఈ ఉత్తరం. కోపంతో రాయడం లేదు. 2023లో రాసి ఉంటే కోపంతోనే రాసి ఉండేవాణ్ణి. అప్పుడు చెయ్యి ఆడలేదు.

నేను 1978లో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, విజయవాడలో టెలిగ్రాములు ఇంటింటికీ అందించే మెసెంజర్‌గా చేరాను. అప్పటికి తంతి, తపాలా ఒకే శాఖ. ఖాకీ బట్టలు, సైకిలు, తోలు సంచి. సత్యనారాయణపురం, గాంధీనగర్, మొగల్రాజపురం వీధులన్నీ ఆ సైకిలు మీదే తిరిగాను. పదమూడేళ్ళ తరవాత లోపల బల్ల దగ్గరికి మార్చారు. 2013 జూలైలో టెలిగ్రాం సేవ దేశమంతటా ఆగిపోయింది. ఆ తరవాత నాలుగేళ్ళకు రిటైరయ్యాను.

మీ వయసు వాళ్ళకు తెలియకపోవచ్చు గానీ, మా రోజుల్లో వీధిలోకి తంతి వచ్చిందంటే అందరి గుండెలూ జారేవి. ఉద్యోగం వచ్చిందనీ, బిడ్డ పుట్టిందనీ కూడా తంతులు వచ్చేవి. అయినా నా సైకిలు బెల్లు విని గుమ్మంలోకి వచ్చిన ఆడవాళ్ళ ముఖాల్లో ఆ మంచి కబుర్ల ఆశ ఒక్కనాడూ చూడలేదు. ఇల్లు దాటి ముందుకు వెళ్ళిపోతే చాలని చూసేవారు.

చావు కబురుకు వరసలో ముందు చోటు ఉండేది. కవరు అంటించి ఇచ్చేవారు కాబట్టి లోపల ఏముందో నాకు తెలియకూడదు. కానీ బల్ల దగ్గర గుమాస్తా కవరు చేతిలో పెడుతూ ‘చూసి ఇవ్వు’ అనేవారు. ఆ రెండు మాటలతో నాకు అర్థమైపోయేది.

చూసి ఇవ్వడమంటే ఏమిటో ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాత మెసెంజర్ల వెంట తిరిగి నేర్చుకున్నాను. ఇంటి ముందు సైకిలు ఆపే ముందే పక్కింట్లో మనుషులు ఉన్నారో లేదో చూసుకోవాలి. ఇంట్లో ముసలావిడ ఒక్కతే ఉంటే కవరు ఆమె చేతికి ఇవ్వకూడదు. మంచినీళ్ళు అడిగి, మెల్లగా తాగుతూ, ఇంకెవరైనా వచ్చేదాకా నిలబడాలి. సంతకం ముందే తీసుకోవాలి, చదివిన తరవాత ఆ చేతులు పనిచెయ్యవు. చాలా ఇళ్ళలో ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు ఉండేవారు కారు. ‘ఏముంది బాబూ అందులో, నువ్వే చూడు’ అని కవరు తిరిగి నాకే ఇచ్చేవారు. అప్పుడు నేనే చెప్పాలి. చెప్పాక వెంటనే సైకిలెక్కకూడదు. పక్కింటివాళ్ళు వచ్చి ఆమె భుజం పట్టుకున్న తరవాతే కదలాలి. కదిలేటప్పుడు ‘వస్తానమ్మా’ అనకూడదు. చావు జరిగిన ఇంటి నుంచి చెప్పకుండానే వెళ్ళాలని మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు మీకూ చెప్పే ఉంటారు.

తంతి పంపేవాళ్ళకూ ఒక పద్ధతి ఉండేది. మనిషి పోయినా సరే, ‘నాన్నకు సీరియస్, వెంటనే బయలుదేరు’ అనే రాయించేవారు. భిలాయిలోనో బొంబాయిలోనో ఒంటరిగా ఉన్న కొడుకు రాత్రంతా రైల్లో కూర్చుని రావాలి కదా. ఆ ప్రయాణానికి సరిపడా ఓపిక అతనికి మిగలాలి. ఇంటికి చేరాక, చెయ్యి పట్టుకునే వాళ్ళ మధ్య, అసలు సంగతి తెలిసేది. అది అబద్ధమని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను.

2023లో మా మేనల్లుడు పోయాడు. ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడు. మా చెల్లెలి ఇల్లు గుంటూరులో. అబ్బాయి ఉద్యోగం విజయవాడలో. ఎంత చెప్పినా బస్సు ఎక్కేవాడు కాదు, రోజూ బండి మీదే వచ్చి వెళ్ళేవాడు. ఆ రోజు పొద్దున ఏడు గంటలకు క్యారేజీ సంచి హ్యాండిల్‌కు తగిలించుకుని బయలుదేరాడు. మంగళగిరి దగ్గర లారీ గుద్దింది.

ఎనిమిది దాటిన కాసేపటికి మా చెల్లెలు కాఫీ గ్లాసుతో కూర్చుని ఫోను తీసింది. ఆమె ఉన్న ఒక గ్రూపులో ఫోటో వచ్చి ఉంది. రోడ్డు మీద బోర్లా పడి ఉన్న కుర్రాడు, పక్కన బండి, చెదిరిపోయిన అన్నం. పైన ‘గుర్తు తెలియని యువకుడు, ఓం శాంతి’ అని రాశారు. ముఖం కనిపించడం లేదు. సంచి కనిపిస్తోంది. తన పాత చీర అంచుతో ఆమె చేత్తో కుట్టిన సంచి. ఊరికి గుర్తు తెలియని వాణ్ణి ఆమె గుర్తు పట్టింది.

ఇంట్లో ఎవరూ లేరు. మా బావ అప్పటికే బయటికి వెళ్ళారు. కింద పడిన చప్పుడు విని పక్క వాటాలో అద్దెకు ఉంటున్న విద్యార్థులు తలుపు తోసుకుని వచ్చారట. పోలీసుల నుంచి మా బావకు ఫోను వచ్చేసరికి తొమ్మిదిన్నర. ముప్పై తొమ్మిదేళ్ళు తంతి శాఖలో పనిచేసినవాడి సొంత చెల్లెలికి చావు కబురు అలా చేరింది.

ఆ ఫోను తరవాత నా చేతికి వచ్చింది. ఫోటో కింద రెండు వందలకు పైగా దండాల బొమ్మలు, కన్నీటి బొమ్మలు. ఒకావిడ ‘ఏ తల్లి కన్న బిడ్డో’ అని రాశారు. ఆ తల్లి అదే గ్రూపులో ఉంది. ఆ మాట రాసినావిడ నిజంగా బాధపడే రాశారని నేను నమ్ముతాను. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

పెద్దకర్మ రోజు మధ్యాహ్నం ఒక ఆటో డ్రైవరు వచ్చారు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, ‘నా ఆటోలోనే తీసుకెళ్ళానమ్మా’ అన్నారు. రోడ్డు మీద జనం మూగి ఉంటే ఆయన ఆటో ఆపారట. అందులో ఉన్న ఒక కూరగాయలమ్మే ఆవిడ బుట్ట కింద పెట్టేసి, అబ్బాయి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. ఆస్పత్రి గేటు దాకా ఊపిరి ఉందట.

ఆయన వెళ్ళాక చాలాసేపటికి నాకు వెలిగింది. ఆటో రాకముందు తీసిన ఫోటో కదా అది. అంటే ఆ ఫోటో తీసేటప్పటికి మా అబ్బాయి బతికి ఉన్నాడు. ఓం శాంతి అని రాసేటప్పటికి కూడా బతికే ఉన్నాడేమో. ఈ సంగతి మా చెల్లెలికి ఇంతవరకూ ఎవరం చెప్పలేదు. ఆమె ఫోను వాడడం మానేసింది, ఈ ఉత్తరం ఆమె కంట పడదన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

కానీ ఇంకో సంగతి దాచిపెడితే నేను మీకు అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. ఆ ఆటో డ్రైవరుకు మా ఇల్లు ఎలా తెలిసింది? మీలో ఎవరో పెట్టిన ఆ పోస్టు కింద, మా అబ్బాయి స్నేహితుడొకడు వీధి పేరు రాశాడు. అది చూసి ఆయన వచ్చారు. ఆ పోస్టు లేకపోతే, తన బిడ్డ చివరి అరగంట ఒక ఆడమనిషి ఒడిలో గడిచిందని మా చెల్లెలికి తెలిసేదే కాదు. ఇప్పటికీ నిద్ర పట్టని రాత్రుల్లో ఆమె తలచుకునేది ఆ కూరగాయలావిడనే. ఆమె ఎవరో మాకు తెలియదు. మంగళగిరి మార్కెట్లో రెండుసార్లు వాకబు చేశాను, దొరకలేదు.

అందుకే సంతాపం పోస్టులు మానెయ్యండని మిమ్మల్ని అడగలేను, అడగను.

ముక్కూ మొహం తెలియని వాళ్ళ కోసం ఫోన్లలో ఏడవడం నటన అని కొందరు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు పద్మావతి ఘాట్‌లో మా నాన్నకు పిండప్రదానం చేశాను. అమ్మానాన్నల వరస, మేనమామల వరస, గురువులు, స్నేహితులు అందరూ అయ్యాక పురోహితుడు ఇంకో ముద్ద పెట్టించారు. ఎవరికండీ అంటే, ‘నీళ్ళు వదలడానికి ఎవరూ మిగలని వాళ్ళకు, దిక్కులేకుండా పోయినవాళ్ళకు, ఇది ధర్మపిండం’ అన్నారు. పేరు లేదు, గోత్రం లేదు. అయినా ఆ ముద్ద పెట్టకుండా లేవకూడదట. దిక్కులేని శవానికి సంస్కారం చేస్తే అశ్వమేధం చేసినంత ఫలమని మన పెద్దలు ఊరికే అనలేదు. 2021లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు, సొంతవాళ్ళు దగ్గరికి రాలేని శవాలను మతం అడగకుండా మోసిన కుర్రాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళలో కొందరు మీ గ్రూపుల్లోనే ఉన్నారు.

నా సంగతే చెబుతాను. 2020 సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యం గారు పోయారని తెలిసినప్పుడు నేను మా వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఆయన్ను ఎన్నడూ చూడలేదు. పక్కన ఎవరైనా ఉండి, ఆయన నీకేమవుతాడని అడిగితే ఏం చెప్పేవాణ్ణి? ఆ రోజు కరోనా వల్ల నలుగురం ఒకచోట కూర్చునే వీలు లేదు. మీ గ్రూపుల్లో రాత్రంతా ఆయన పాటలు పెట్టుకుంటూ కూర్చున్నారు. నేనూ మేలుకునే ఉన్నాను.

2017 నవంబరు 12, కార్తీకమాసం, ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు వాళ్ళు, మన ఊరు చూడడానికి వచ్చినవాళ్ళు. మన ఇంటికి వచ్చిన చుట్టాలు మన గుమ్మంలో పోయినట్టు బాధపడ్డాం అందరం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, ‘మా అమ్మ రెండో అంతస్తులో ఒక్కతే ఉంది, ఇన్సులిన్ అయిపోయింది’ అని అమెరికా నుంచి ఒకబ్బాయి పెట్టిన సందేశాన్ని మీరే పడవ దాకా చేర్చారు. ఎవరి అమ్మ? ఎవరికీ ఏమీ కాదు. మీకు మనసు లేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

నాకున్న బాధల్లా వరస గురించి. ముందు ఇల్లు, తరవాత వీధి, ఆ తరవాత ఊరు. తంతి రోజుల్లో ఈ వరసను దూరాలే కాపాడేవి, సైకిలు ఎంత తొక్కినా ఊరికంటే ముందు ఇంటికే వెళ్ళేది. ఇప్పుడు ఫోటో తీసిన క్షణంలో ఊరంతటికీ వెళ్ళిపోతుంది. ఆ ఊళ్ళో ఆ ఇల్లు కూడా ఉంటుంది.

గుర్తు తెలియని వాళ్ళ ఇంటిని కనుక్కోవాలంటే పోస్టు పెట్టక తప్పదని మీరు అంటారు. ఒప్పుకుంటాను. పెట్టండి. కానీ పడి ఉన్న మనిషి ఫోటో ఎందుకు? ‘మంగళగిరి దగ్గర ప్రమాదం జరిగింది, ఇరవై, పాతికేళ్ళ యువకుణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళారు, మీవాళ్ళు ఆ దారిన వెళ్ళి ఉంటే పోలీస్ స్టేషన్‌కు ఈ నంబరులో ఫోను చెయ్యండి’ అంటే చాలు. ప్రాణం ఉందో లేదో రాయకండి. మీరు డాక్టర్లు కారు. ఆ మాట ‘సీరియస్, వెంటనే బయలుదేరు’ అన్న తంతి లాంటిది. తల్లి భయపడుతుంది, నిజమే. భయపడి ఇంకొకరిని పిలుస్తుంది. ఆ ఇంకొకరు పక్కన ఉన్నప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

రోడ్డు మీద ఫోను తీసేవాళ్ళకు మీ మాట వినబడుతుంది, నాది వినబడదు. ముందు 108కి చెయ్యమని వాళ్ళకు మీరు చెప్పండి. కేసుల్లో ఇరుక్కుంటామని భయపడి చాలామంది గాయపడ్డవాళ్ళను ముట్టుకోరు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. దాని కింద 2020లో వచ్చిన నియమాల ప్రకారం, క్షతగాత్రులను ఆస్పత్రికి చేర్చినవాళ్ళను పేరు, చిరునామా చెప్పి తీరాలని ఎవరూ బలవంతం చెయ్యకూడదు. సాక్షిగా ఉండడం, ఉండకపోవడం వాళ్ళ ఇష్టం. ఈ నాలుగు వాక్యాలు మీ గ్రూపుల్లో నెలకొకసారి పెడితే, మా ఇంటికి వచ్చిన ఆటో డ్రైవరు లాంటివాళ్ళు ఇంకో పదిమంది ఆగుతారు. ఆయన మూడు రోజులు భయపడ్డారట, పోలీసులు తన కోసం వస్తారని.

ఆడపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. ఆమెను ‘దిశ’ అని పిలవండని పోలీసులు చెప్పేసరికే అసలు పేరు, ఫోటో దేశమంతా తిరిగిపోయాయి. మా వీధిలో కొవ్వొత్తులు పట్టుకుని నడిచిన పిల్లల చేతుల్లోనూ ఆ ఫోటో ఉంది. వాళ్ళు ఏడుస్తున్నారు, నిజంగానే ఏడుస్తున్నారు. అలాంటి నేరంలో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం శిక్షార్హమైన నేరమని, రెండేళ్ళ దాకా జైలు ఉండవచ్చని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. బాధితురాలు చనిపోయినా ఆమె పేరు బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులోనే చెప్పింది. పేరు తెలియకపోయినా ఆ పిల్ల కోసం ఏడవవచ్చు. ధర్మపిండానికి పేరు అడుగుతున్నామా?

ఇంకొకటి మీకు తెలియకుండానే జరుగుతోంది. మా అబ్బాయి పోయిన ఎనిమిది నెలలకు అదే ఫోటో మళ్ళీ వచ్చింది. ఈసారి ఏలూరు దగ్గర నిన్న జరిగిన ప్రమాదమని రాశారు. మళ్ళీ దండాలు, మళ్ళీ కన్నీళ్ళు. నేను ఆ గ్రూపు నడిపే అబ్బాయికి రాత్రి పదకొండు గంటలకు ఫోను చేశాను. వివరం విని, అతను ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా అందరి ఫోన్లలోంచీ తీసేశాడు. అడ్మిన్లకు వేరేవాళ్ళు పెట్టిన సందేశాన్ని కూడా అందరికీ కనపడకుండా తీసేసే వీలు ఉందని అప్పుడే నాకు తెలిసింది. ఆ వీలును వాడండి. ఆ ఇంటివాళ్ళు అడిగేదాకా ఆగకండి, వాళ్ళకు అడిగే శక్తి ఉండదు. ఆ అబ్బాయి మర్నాడు మా ఇంటికి వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. కాసేపు కూర్చుని, చెప్పకుండా వెళ్ళాడు.

కూడళ్ళలో కట్టే అశ్రునివాళి ఫ్లెక్సీల గురించి కూడా రాయాలనుకున్నాను. పోయినవాడి ఫోటో అరచెయ్యంత, నివాళి ఇచ్చేవాళ్ళ ఫోటోలు నిలువెత్తు. దాని సంగతి మీకంటే రాజకీయ నాయకులకు రాయాలి, మరోసారి రాస్తాను.

మీ చేతిలో ఉన్న ఇంకొక పని చెప్పి ముగిస్తాను. సంతాపం పోస్టు ఒక రోజు ఉంటుంది, గట్టిగా అయితే రెండు రోజులు. ఇంటికి పరామర్శకు వచ్చేవాళ్ళు పెద్దకర్మ దాకా వస్తారు. ఆ మర్నాటి నుంచి ఇల్లు ఖాళీ. మా చెల్లెలికి అన్నిటికంటే కష్టమైనవి ఆ రోజులే. డెత్ సర్టిఫికెట్ కోసం, బీమా కాగితాల కోసం మా బావ ఒక్కరే తిరిగారు. ప్రమాదానికి పరిహారం ఎలా కోరాలో చెప్పే మనిషి లేడు. దండం పెట్టిన ఆ రెండు వందల మందిలో ఒక గుమాస్తా, ఒక వకీలు, ఒక బ్యాంకు ఉద్యోగి ఉండే ఉంటారు. నెల రోజుల తరవాత ఆ ఇంటికి ఎవరినైనా పంపగలరా? పోస్టు పెట్టి కాదు, ఊరికే, మనిషిని. మీరు అడిగితే వెళ్ళేవాళ్ళు మీ గ్రూపుల్లో ఉన్నారు. బుడమేరు రోజుల్లో చూశాను కదా.

మరొక్క మాట. ఇకమీదట ఎప్పుడైనా మీ దగ్గరికి అలాంటి ఫోటో వచ్చి, ఆ ఇల్లు ఎవరిదో తెలిసి, ఎలా చెప్పాలో తోచక ఆగిపోతే నాకు ఫోను చెయ్యండి. నా నంబరు మీ గ్రూపుల్లో ఉంది. విజయవాడలో అయితే అరగంటలో, గుంటూరులో అయితే గంటన్నరలో వస్తాను. సైకిలు తొక్కలేను గానీ స్కూటరు ఇంకా నడుపుతున్నాను. వేళ కాని వేళ అని మొహమాటపడకండి, చావు తంతులు ఎక్కువగా ఆ వేళల్లోనే వచ్చేవి. ముందు పక్కింటి తలుపు తడతాను. ఆ తరవాత ఆ ఇంటి గుమ్మం ఎక్కి, మంచినీళ్ళు అడుగుతాను.

ఇట్లు,
విశ్రాంత తంతి శాఖ ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ